ఎడమ ముందు చక్రం

ఆ వీధిలో అందరూ ఆయన్ని ముఖం మీద మేస్త్రీ అనేవాళ్లు. వెనక ఒంటిచక్రం అనేవాళ్లు. ఆ సంగతి ఆయనకు తెలుసు. లోలోపల ఆ పేరంటే ఇష్టం కూడా.

పేరు రావడానికి కారణం ఆయన పని చేసే తీరు. బ్రేకులు అరుస్తున్నాయని కారు తెస్తే, మిగతా షెడ్లలో నాలుగు చక్రాలూ విప్పి నేల మీద పరుస్తారు. ఆయన అలా చెయ్యడు. బండిలో కూర్చుని వీధి చివరి మలుపు దాకా వెళ్లి వస్తాడు. వెళ్లేటప్పుడు కళ్లు మూసుకుంటాడు. దిగి, ఒక చక్రం దగ్గరికి నడిచి, చెప్పుకాలితో తడతాడు.

"ఇది."

ఆ ఒక్కటే విప్పుతాడు. తప్పు అక్కడే ఉంటుంది.

మిగతావి కూడా ఒకసారి చూడమని ఎవరైనా అడిగితే, "బాగున్నదాన్ని ఎందుకు విప్పడం? నిద్రపోయేవాణ్ని లేపి నిద్రమాత్ర మింగించినట్టు" అనేవాడు.

రెండు కార్లు పట్టే రేకుల షెడ్డు ఆయనది. వెనక గోడకు పానాలు వేలాడతాయి. ఒక్కో పానా చుట్టూ దాని ఆకారం తెల్లరంగుతో గీసి ఉంటుంది. ఒకటి తీస్తే దాని ఖాళీ కనిపిస్తుంది. ముందు వైపు భార్య కుట్టుమిషను. ఆమె కారు సీట్లకు కవర్లు కుడుతుంది. మందపాటి రెగ్జిన్ మీద సూది విరిగినప్పుడల్లా ఆమె గట్టిగా తిడుతుంది. తిట్లు సూదికే గానీ, వీధిలో పోయేవాళ్లు తమనేమో అనుకుని ఒక క్షణం ఆగుతారు. ఆ మిషను ఒకప్పుడు ఎడమ గోడ దగ్గర ఉండేది. పోయినేడు కుడి గోడ దగ్గరికి జరిపింది. వెలుతురు కోసమని చెప్పింది.

పక్క గదిలో స్పేర్ పార్టుల దుకాణం. అది ఆమె తమ్ముడిది. దుకాణంలో బేరం లేనప్పుడు బావమరిది గుమ్మంలో నిలబడి బావ పనికి వ్యాఖ్యానం చెబుతూ ఉంటాడు. బేరం ఉన్నప్పుడు కూడా.

మేస్త్రికి ఇంకో సంగతి ఉంది. అది ఎవరికీ తెలియదని ఆయన అనుకునేవాడు.

ఒకరోజు పొద్దున లేచేసరికి ఆయనకు ఎడమ చెవి లేదు. చెవి ఉంది, వినికిడి లేదు. నీళ్లు పోయి ఉంటాయనుకున్నాడు. తల వంచి దులుపుకున్నాడు. రేపటికి తగ్గుతుందని ఆగాడు. అలా ఆగి ఆగి వెళ్లేసరికి, ముందే రావాల్సిందని డాక్టరు అన్నాడు. లోపలి నరం చచ్చిపోయిందట. "కుడిది బాగుంది. దాన్ని కాపాడుకోండి."

ఆయన ఎవరికీ చెప్పలేదు. బండి గొంతు విని జబ్బు చెప్పే మనిషి ఒక చెవితో తిరుగుతున్నాడని తెలిస్తే, రేపు షెడ్డు ముందు బండి ఆగదు. నలభై దాటినప్పటి నుంచీ వెన్ను నొప్పి ఉంది, దాన్ని దాచలేదు. కళ్లజోడు వచ్చింది, దాన్నీ దాచలేదు. చెవిని దాచాడు.

దాచడం కష్టం కాలేదు. భార్యతో నడిచేటప్పుడు తాను ఎడమకు జరిగేవాడు, ఆమె కుడిపక్కన ఉండేలా. ఎవరైనా ఎడమ నుంచి మాట్లాడితే, చేతులు తుడుచుకునే గుడ్డ కోసం అన్నట్టు మెల్లగా తిరిగేవాడు. గుడ్డ ఎప్పుడూ కుడి భుజం మీదే ఉండేది.

కానీ ఒకటి ఆయనకు తట్టలేదు. ఒక్క చెవితో శబ్దం ఉందని తెలుస్తుంది. ఎటు నుంచో తెలియదు. ప్రతి శబ్దమూ వినే చెవి వైపు నుంచే వస్తున్నట్టు ఉంటుంది. డాక్టరు ఆ మాట చెప్పలేదు, ఈయన అడగలేదు. ఆ తర్వాత షెడ్డుకు వచ్చిన బళ్లు ఎక్కువగా ఇంజను పనికి వచ్చాయి. బ్రేకులకు వచ్చిన కొద్దిపాటి బళ్లకు కుడిపక్కే జబ్బు ఉండింది. అది అదృష్టమని ఆయనకు తెలియలేదు.

అప్పుడు టీచరమ్మ వచ్చింది.

ఆమె కారు నడపడం నేర్పుతుంది. ఆమె బండిలో ఎడమ సీటు ముందు కూడా ఒక క్లచ్చు, ఒక బ్రేకు ఉంటాయి. నేర్చుకునేవాళ్లు కుడి సీట్లో కూర్చుని తికమక పడుతుంటే, ఆమె ఎడమ సీట్లోంచి కాలితో బండినీ, మాటతో మనిషినీ ఆపుతుంది.

"మేస్త్రిగారూ, బ్రేకు తొక్కితే ఇసుక నమిలినట్టుంది."

"మీరు తొక్కితేనా, మీ శిష్యులు తొక్కితేనా?"

"ఎవరు తొక్కినా అంతే. నిన్న ఒకావిడ చక్రంలో పిల్లి ఇరుక్కుందని బండి వదిలేసి దిగిపోయింది. నడిరోడ్డు మీద."

"పిల్లి సంగతి తేలుద్దాం పదండి."

ఆమె నడిపింది. ఆయన ఎడమ సీట్లో కూర్చున్నాడు. వినని చెవి కిటికీ వైపు ఉంది. మలుపు దగ్గర ఆమె బ్రేకు తొక్కింది. గరగరమని శబ్దం. ఆయన కళ్లు మూసుకుని విన్నాడు. దిగి, బండి ముందు నుంచి చుట్టి వచ్చి, కుడి ముందు చక్రాన్ని తట్టాడు.

"ఇది."

"నాకెందుకో ఎడమపక్క అనిపించింది."

"అనిపిస్తుందమ్మా. తలుపుకు తగిలి తిరిగొస్తుంది."

ఆమె బండి తాళాలు ఆయన చేతిలో పెట్టింది. ఆయన పేరు అలాంటిది.

కుడి చక్రం విప్పాడు. లోపల డిస్కు పళ్లెంలా నున్నగా ఉంది. దాన్ని రెండు పక్కల నుంచి పట్టుకునే బ్రేకు ప్యాడ్లు సగం మందం మీద ఉన్నాయి. సగం మందం ఉన్న ప్యాడు అలా అరవదు. ఆయన వేళ్లకు ఆ సంగతి తెలుసు. వేళ్లు ఒకటి చెబుతున్నాయి, చెవి ఒకటి చెప్పింది. ఆయన చెవినే నమ్మాడు. ప్యాడ్ల ముఖం ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము దులిపి, బిగించేశాడు. తర్వాత తానే నడిపి చూశాడు. కుడి అద్దం దించి, బస్సులు తిరిగే పెద్ద రోడ్డు మీద. బస్సుల మోతలో కుడి చక్రం దగ్గర ఆయనకు ఏ శబ్దమూ వినపడలేదు.

"తీసుకెళ్లండి. పిల్లి పోయింది."

మర్నాడు కాక ఆ మర్నాడు ఆమె మళ్లీ వచ్చింది. బండిని నడక వేగంతో తెచ్చింది. షెడ్డు ముందు ఆపి, దిగి, తలుపు మెల్లగా వేసింది. ఆమె కేకలు వేసే మనిషి. ఆ రోజు వెయ్యలేదు.

"బడి గేటు ముందు శిష్యుణ్ని బ్రేకు తొక్కమన్నాను. తొక్కాడు. బండి కుడికి లాగేసింది. ఎదురుగా పాల వ్యాను."

మేస్త్రి గుడ్డ తీసుకుని చేతులు తుడుచుకున్నాడు. చేతులకు ఏమీ అంటలేదు.

"హ్యాండ్‌బ్రేకు లాగాను. ఆగింది. ఎవరికీ ఏం కాలేదు. ఇప్పుడు ఎడమపక్క చూడండి."

గుమ్మంలోంచి బావమరిది అన్నాడు. "ఏంటి బావా, రెండో చక్రమా? ఈ ఊళ్లో వర్షం పడుతుందేమో!"

ఎవరూ నవ్వలేదు. అతను లోపలికి వెళ్లిపోయాడు.

మేస్త్రి ఎడమ ముందు వైపు జాకీ పెట్టాడు. చక్రాన్ని చేత్తో తిప్పాడు. అది తిరగనని మొండికేసింది. నట్లు విప్పి చక్రం లాగాడు. లోపల చూసి, కింద కూర్చున్నాడు.

లోపలి ప్యాడులో అరిగే పదార్థం ఏమీ మిగల్లేదు. వెనకున్న ఇనుప రేకు బయటపడి, డిస్కును నేరుగా కోస్తోంది. డిస్కు మీద వలయాలుగా గాట్లు. గోరు పెడితే గోరు దిగుతోంది. బయటి ప్యాడు మాత్రం దాదాపు కొత్తదిలా ఉంది. రెండూ కలిసి అరగాలి. ఒకటే అరిగింది. అంటే ప్యాడ్లను నొక్కే దిమ్మ అటూ ఇటూ జరగడం లేదు. దాన్ని జరగనిచ్చే పిన్ను తుప్పుతో బిగుసుకుపోయింది. పిన్ను మీద ఉండే రబ్బరు తొడుగు చిరిగి ఉంది. నీళ్లు అక్కడి నుంచి దూరాయి.

అంతా అక్కడే ఉంది. మొన్న చెప్పుకాలితో ఇటువైపు తట్టి ఉంటే, అప్పుడే ఉంది.

"నాకు కుడిపక్క నుంచే వినిపించింది" అన్నాడు.

టీచరమ్మ వంగి ఆ గాట్లు చూసింది.

"నాకు ఎడమ చెవి వినపడదు."

కుట్టుమిషను ఆగింది.

ఆ మాట నోటితో అనడం అదే మొదలు. అన్నాక, ఎవరో పక్కనున్న మనిషి గురించి చెప్పినట్టు అనిపించింది.

"ఎప్పటి నుంచి?"

"ఏడాది దాటింది."

"మొన్న చెప్పాల్సింది." ఆమె గొంతు పెరగలేదు. "నా బండిలో కూర్చునేవాళ్లకు స్టీరింగ్ పట్టుకోవడమే రాదు. వాళ్ల కాలి కింద మీ పని ఉంటుంది."

"చెప్పాల్సింది."

ఆమె చక్రం లేని ఆ ఖాళీ వైపు కాసేపు చూసింది. పాఠాలకు వచ్చేవాళ్లకు ఫోను చేసి ఇవాళా రేపూ పాఠాలు లేవని చెప్పింది.

"బండి ఇక్కడే ఉంచుతాను. రేపు సాయంత్రం వస్తాను. అయిందని మీరంటే నాకు సరిపోదు. నేనే తొక్కి చూస్తాను."

నడిచి వెళ్లిపోయింది.

బావమరిది మళ్లీ వచ్చాడు. ఈసారి హాస్యం తేలేదు. జాకీ పక్కన గొంతుక్కూర్చున్నాడు.

"బావా, దుకాణంలోకి వచ్చెయ్. ప్రతి పార్టూ ఏ బండిదో నీకు చూడకుండానే తెలుసు. కుర్చీ ఉంది. ఫ్యాను ఉంది. నడుంనొప్పికీ మంచిది."

ఎగతాళి చేసి ఉంటే మేస్త్రి ఏదో ఒకటి అనేవాడు. అతను మనస్ఫూర్తిగా అన్నాడు. అందుకే గుచ్చుకుంది. కౌంటరు వెనక ఆ కుర్చీ ఆయనకు బాగా తెలుసు. వీపు ఆన్చుకోవడానికి అనువైన కుర్చీ. అందులో కూర్చుంటే వీధిలో పోయే బళ్లు కనిపిస్తాయి. కింద ఏముందో కనిపించదు.

"రేపు సాయంత్రం చెప్తాను" అన్నాడు.

పొద్దువాలుతుండగా ఇద్దరూ ఇంటికి నడిచారు. భార్య చేతిలో టిఫిన్ డబ్బా. వీధి కుళాయి దాటారు.

"నీకు చెప్పకపోవడం తప్పే" అన్నాడు ఆయన. "నువ్వు కుడిపక్క ఉండేటట్టు నేనే మారుతూ వచ్చాను. నువ్వు గమనించకూడదని."

"మీరు మారారా?"

"మరి?"

"మీరు మారింది ఎప్పుడో ఒకసారి. మిగతా అన్నిసార్లూ నేను మారాను." ఆమె డబ్బాను ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంది. "మంచం తలగడలు ఎవరు మార్చారు? అన్నం దగ్గర పీట ఎవరు జరిపారు? మిషను అంత బరువుంది కదా, వెలుతురు కోసం జరుపుతానా? ఎడమ గోడ దగ్గరే వెలుతురు బాగుండేది."

ఆయన నిలబడిపోయాడు.

"తెలిసి ఎందుకు చెప్పలేదు?"

"మీరు చెప్తారని."

ఇంకొంత దూరం నడిచారు.

"వాడు కుర్చీ ఇస్తానన్నాడు" అన్నాడు ఆయన.

"విన్నాను. వాడి గొంతు పక్క ఊరికి వినపడుతుంది."

"ఏమంటావ్?"

"నాకు తెలిసింది చెప్తా. నా మిషను ఎక్కడైనా పట్టేస్తే శబ్దం మిషను అంతటి నుంచీ వస్తుంది. చెవి పెట్టి వెతికితే రోజంతా వెతకాలి. నేను వెతకను. చెయ్యి పెడతా. శబ్దం అన్నిచోట్లా ఉంటుంది, అదురు ఒక్కచోటే ఉంటుంది." ఆగి, ఆయన వైపు చూసింది. "చెవి పోతే చేతులు కూడా కోసుకోవాలా ఏంటి!"

మర్నాడు పొద్దున ఆయన షెడ్డు తెరిచి, మొదట కుట్టు పెట్టెలోంచి ఇంత దూది తీసుకున్నాడు. కుడి చెవిలో పెట్టుకున్నాడు. లోకం దూరం జరిగింది. తన నిప్పులాంటి చెవి, తనకు పేరు తెచ్చిన చెవి. ఇవాళ దాని మాట వినదలుచుకోలేదు.

జబ్బు చేతికి తెలుస్తుందో లేదో చూద్దామని, పాత ప్యాడ్లతోనే ఎడమ చక్రం మళ్లీ బిగించాడు. బండిని స్టాండ్ల మీదికి ఎత్తాడు. నాలుగు చక్రాలూ గాలిలో ఉన్నాయి. ఒక్కో చక్రం దగ్గర కూర్చుని ఒక చేత్తో చక్రం తిప్పాడు, రెండో చేతి వేళ్లు దాని పైనున్న స్ప్రింగు మీద ఆన్చాడు. బ్రేకు కొద్దిగా తొక్కి పట్టడానికి భార్య బండిలో కూర్చుంది. తొక్కాలంటే వేలు చూపించేవాడు, వదలాలంటే అరచెయ్యి.

వెనక రెండూ నీళ్లలా తిరిగాయి. కుడి ముందుదీ అంతే. ఎడమ ముందుదాన్ని తిప్పగానే స్ప్రింగు లోంచి అదురు వేళ్లలోకి పాకింది. పిడికిట్లో తుమ్మెదను పట్టుకున్నట్టు. మోచేతి దాకా వచ్చింది. ఆయన చెయ్యి తీసి, మళ్లీ పెట్టాడు. మళ్లీ వచ్చింది. మిగతా మూడింటి దగ్గరికీ మళ్లీ వెళ్లి వచ్చాడు. చెయ్యి అబద్ధం ఆడలేదు.

బండి లోపలి నుంచి ఆమె ఏదో అంది. పెదాలు మాత్రం కనిపించాయి. ఆయన దూది తీశాడు.

"ఏంటి?"

"దొరికిందా అంటున్నా."

"దొరికింది."

"అయితే దిగనా? నాకు ఇంకా సీటు కవరు మిగిలుంది. మీలాగా నాలుగింటినీ నిమురుకుంటూ కూర్చోలేను."

తర్వాతదంతా ఆయన ఎప్పుడూ చేసే పనే. బిగుసుకున్న పిన్ను మీద తుప్పు వదిలే నూనె పోసి ఆగాడు. పానా వేసి కొద్దిగా అటు, కొద్దిగా ఇటు తిప్పాడు. తిరగలేదు. వేడి చేశాడు. మళ్లీ తిప్పాడు. కిర్రుమని కదిలింది. బయటికి తీస్తే గులకరాయిలా గరుకుగా ఉంది. దాన్ని పారేసి కొత్తది తెచ్చాడు. కొత్త రబ్బరు తొడుగు. లోపల బ్రేకు గ్రీజు పూసి దిమ్మను వేలితో నెట్టి చూశాడు. ఒక్క వేలికి జరిగింది. ముందు చక్రాలు రెండింటికీ కొత్త డిస్కులు, కొత్త ప్యాడ్లు వేశాడు. ఒకటి కొత్తదీ ఒకటి పాతదీ అయితే బండి మళ్లీ ఒక పక్కకు లాగుతుంది. వెనక చక్రాలు కూడా విప్పి, చూసి, తుడిచి, బిగించాడు. అన్నీ అయ్యాక, పెడలు గట్టిపడేదాకా మెల్లగా తొక్కాడు.

ఎడమ సీటు ముందున్న టీచరమ్మ పెడలు చూసి నవ్వుకున్నాడు. దాని మీది రబ్బరు అరిగి, వాడిన సబ్బుబిళ్లలా నున్నగా ఉంది.

బావమరిది డిస్కుల పెట్టెలు ఇచ్చి అక్కడే నిలబడ్డాడు. "నాలుగు చక్రాలు విప్పావు. ఇక నీ పేరు మార్చాలి బావా."

"వీధిని అడుగు."

సాయంత్రం టీచరమ్మ వచ్చింది. నేరుగా కుడి సీట్లో కూర్చుంది. మేస్త్రి భార్యను ఎడమ సీట్లో కూర్చోమన్నాడు, అద్దం దించి. తాను వెనక కూర్చున్నాడు. దూది పెట్టుకున్నాడు. వంగి, అరచెయ్యి బండి నేల మీద ఆన్చాడు.

మలుపు దాకా వెళ్లారు. టీచరమ్మ ముందు మెల్లగా తొక్కింది. తర్వాత గట్టిగా తొక్కింది. బండి గీత గీసినట్టు తిన్నగా ఆగింది. భార్య వెనక్కి తిరిగి, ఎడమపక్క ఏమీ లేదన్నట్టు చెయ్యి ఊపింది. టీచరమ్మ కూడా తల ఊపింది.

మేస్త్రి తల ఎత్తలేదు. ముందుకు పోనివ్వమని వేలు చూపించాడు. నడక వేగంతో వెళ్లమన్నట్టు అరచెయ్యి కిందికి వంచాడు. కొద్ది దూరం పోయాక ఆపమన్నాడు. చెయ్యి తీసి ఎడమ వైపు ఇంకొంచెం వెనక్కి పెట్టాడు. మళ్లీ పోనిచ్చారు. మళ్లీ ఆపమన్నాడు.

దూది తీసి, దిగాడు.

"ఇప్పుడేంటి?" అంది టీచరమ్మ. "నాకేం వినపడలేదే."

"నాకూ వినపడలేదు" అంది భార్య.

ఆయన వెనక్కి నడిచి, ఎడమ వెనక చక్రాన్ని చెప్పుకాలితో తట్టాడు.

"ఇది."

వంగి, చక్రాన్ని కొంచెం తిప్పించి, టైరు గాడుల్లో వెతికాడు. స్క్రూ డ్రైవరుతో కెలికి, శనగగింజంత కంకరరాయి బయటికి తీశాడు. అరచేతిలో పెట్టి చూపించాడు. అది జబ్బేం కాదు. రేపో ఎల్లుండో దానంతటదే రాలిపోయేది. కానీ అది ఎడమపక్క ఉంది. ఆయనకు తెలిసింది.

టీచరమ్మ ఆ రాయిని తీసుకుని, వేళ్ల మధ్య తిప్పి చూసింది.

"రేపు నా రెండో బండి పంపిస్తాను. అది కూడా ఇసుక నములుతోంది."

"పంపండి. నాలుగూ చూసి చెప్తాను."

"నాలుగూ చూడకపోతే ఊరుకోను."

"ఒక మాట అడగనా? మీరు కాలు బ్రేకు మీది నుంచి ఎప్పుడైనా తీస్తారా?"

"ఎందుకు?"

"ఆ రబ్బరు అరిగిపోయింది. ప్యాడ్లూ అందుకే తొందరగా సన్నబడుతున్నాయి. శిష్యులు నడుపుతున్నంతసేపూ మీరు సన్నగా తొక్కుతూనే ఉంటారు."

ఆమెకు మొదట కోపం వచ్చింది. తర్వాత తన కాలి వైపు చూసుకుంది. పెద్దగా నవ్వింది. రెండు రోజులుగా ఎక్కడో దాచుకున్న గొంతు అది.

"కాలు తీస్తే గోడలు నా మీదికి వచ్చేస్తాయండీ!"

"గోడ వచ్చినప్పుడు పెట్టండి. ఈలోగా పక్కన పెట్టుకోండి."

షెడ్డుకు తిరిగి వచ్చేసరికి బావమరిది గుమ్మంలో ఉన్నాడు. కౌంటరు వెనక కుర్చీని దులిపి సిద్ధంగా పెట్టినట్టున్నాడు.

"సాయంత్రం చెప్తానన్నావు బావా. కుర్చీ సంగతి?"

"ఇటు పంపు. మీ అక్క ముక్కాలిపీట మీద కూర్చుని కుడుతోంది. వీపు ఆనుకోవడానికి ఏమీ లేదు."

"నా కుర్చీయా?"

"ఇస్తానన్నది నువ్వే కదరా" అంది అక్క. "తే. ఆ చేత్తోనే మిషను కూడా పట్టు. ఎడమ గోడ దగ్గరికి జరపాలి. ఇన్నాళ్లూ చీకట్లో కుట్టాను."

ముగ్గురూ కలిసి మిషను జరిపారు. నేల మీద దాని కాళ్ల గుర్తులు మిగిలాయి.

మర్నాడు పొద్దున ఒక కొత్త మనిషి కారు తెచ్చాడు. మేస్త్రి టైరు దగ్గర వంగి ఉండగా, ఎడమపక్క నిలబడి తన బాధంతా చెప్పుకుపోతున్నాడు. ఎడమ గోడ దగ్గర మిషను ఆపి, భార్య ఆ మనిషి వైపు చెయ్యి చూపించింది. మేస్త్రి తల ఎత్తాడు. గుడ్డ కోసం చెయ్యి చాచలేదు.

"ఈ పక్కకు వచ్చి చెప్పండి. ఆ చెవి పనిచెయ్యదు."

ఆ మనిషి ఈ పక్కకు వచ్చి, మళ్లీ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. మేస్త్రి అంతా విన్నాడు. విని, దూది అందుకున్నాడు.